హాజరు పట్టీ ఎవరు చదవాలి?

బడి కమిటీ సమావేశం అనగానే గుర్తొచ్చేవి ప్రహరీ గోడ, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్ల తలుపులు, యూనిఫాం గుడ్డ, మధ్యాహ్న భోజనం బిల్లు. ఇవి అక్కర్లేనివని ఎవరూ అనరు. కానీ ఏ పిల్ల ఎన్నాళ్లుగా రావడం లేదు, ఎందుకు రావడం లేదు, తిరిగొచ్చాక పోయిన పాఠం ఎవరు చెబుతారు, అసలు బడి గంట ఎన్నింటికి కొడితే ఎక్కువ మంది రాగలరు అన్న మాటలు ఆ సమావేశాల్లో అరుదుగా వినిపిస్తాయి. హాజరు క్లాస్ టీచరు పని, టైంటేబుల్ హెడ్‌మాస్టరు పని, వెనకబడ్డ పిల్లల సంగతి ఎవరికి ఓపిక ఉంటే వాళ్ల పని అన్నట్టుగా నడిచిపోతుంది. ఈ మూడింటినీ విడివిడిగా చూడటమే మన హైస్కూళ్ల పాలనలో ఉన్న పెద్ద లోపమని నా అభిప్రాయం. రాని పిల్లను లెక్కపెట్టే వాళ్లే ఆ పిల్లకు తోడు నిలిచే మనిషిని వెతకాలి, బడి వేళను మార్చమని అడిగే హక్కూ వాళ్లకే ఉండాలి. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాను దగ్గరగా చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

తెలుగువాళ్లకు నాందేడ్ పరాయి జిల్లా కాదు. 1956 దాకా అది తెలంగాణ జిల్లాలతో కలిసి హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఆ ఏడు నవంబర్ 1న భాషల వారీగా రాష్ట్రాల మధ్య గీత గీసినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్ తాలూకా అటు పోయింది. నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా, కుబీర్, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ ఇటు వచ్చాయి. గీత పడినా సంబంధాలు తెగలేదు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు పల్లెల్లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పెళ్లిసంబంధాలు నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ వైపు. అక్కడి తెలుగు పిల్లల్లో ఎక్కువ మంది చదివేది మరాఠీ మీడియంలోనే. అమ్మ మాట ఒకటి, అయ్యవారి మాట ఒకటి అయిన చోట ఒక నెల బడి పోతే ఆ నెలను తిరిగి సంపాదించడం మిగతా పిల్లలకంటే కష్టం. అందుకే హాజరు గురించి మాట్లాడాలంటే సరిహద్దు తాలూకాలే సరైన చోటు.

చట్టంలో లోటు ఉందా అంటే, ఎనిమిదో తరగతి దాకా పెద్దగా లేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు బడి నిర్వహణ కమిటీ ఉండాలి, మహారాష్ట్రలో దాన్ని శాలా వ్యవస్థాపన సమితి అంటారు. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు. 22వ సెక్షన్ ఆ సమితితో బడి అభివృద్ధి ప్రణాళిక రాయిస్తుంది. పిల్లల హాజరు, చదువు ఎలా ఉన్నాయో తల్లిదండ్రులతో తరచూ కూర్చుని చెప్పే బాధ్యతను 24వ సెక్షన్ టీచర్ల మీద పెట్టింది. చట్టం వెంట కేంద్రం పంపిన నమూనా నియమాలైతే, చుట్టుపక్కల పిల్లలంతా చేరేలా, చేరినవాళ్లు మానకుండా చూడటం సమితి పని అని విడమరిచి చెప్పాయి. నెలకొకసారి కలవమన్నాయి. అధ్యక్షుడు గానీ అధ్యక్షురాలు గానీ తల్లిదండ్రుల్లోంచే రావాలన్నాయి. అంటే హాజరు సమితి పనే. కానీ హాజరు పట్టీ సమితి ముందుకు రావాలని ఎవరూ పట్టుబట్టరు. బిల్లులు సంతకం కోసం వస్తాయి కాబట్టి సమావేశం బిల్లుల చుట్టూ తిరుగుతుంది.

ఆ పట్టీని ఒకసారి ముందు పెట్టుకుని చూడండి. ఎడమవైపు పేర్లు, పైన తేదీలు, గళ్లలో హాజరు గుర్తులు, మధ్యమధ్య గైర్హాజరు. నెలాఖరున టీచరు కూడి శాతం వేస్తారు. శాతం పై ఆఫీసుకు పోతుంది, పట్టీ బీరువాలోకి పోతుంది. ఆ కూడికలో మాయమయ్యేదే అసలైన సమాచారం. గైర్హాజరులు ఒకే తేదీ కింద నిలువుగా గుంపు కట్టాయంటే ఆ రోజు ఊళ్లో ఏదో ఉంది. అంగడి రోజో, జాతరో, వాగు పొంగిన రోజో, బస్సు రాని రోజో అయి ఉండాలి. అవే గుర్తులు ఒక్క పేరు పక్కన అడ్డంగా సాగాయంటే ఆ ఇంట్లో ఏదో ఉంది. జబ్బు, అప్పు, పెళ్లి మాటలు, చిన్న తమ్ముణ్ని ఎత్తుకోవాల్సిన పని, ఏదైనా కావచ్చు. ఒకే పల్లె పిల్లల పేర్ల పక్కన మాత్రమే మళ్లీ మళ్లీ పడుతుంటే దారిలో ఏదో అడ్డం ఉంది. నిలువు గుంపుకు జవాబు టైంటేబుల్‌లో వెతకాలి, అడ్డం వరుసకు జవాబు ఒక మనిషి రూపంలో ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లాలి. హాజరు, మార్గదర్శనం, బడి వేళలు ఒకే కాగితం మీద కలిసే చోటు ఇదే. అక్షరం రాని కూలీ తల్లిదండ్రులు కమిటీలో కూర్చుని ఏం తేలుస్తారని అడిగే వాళ్లకు కూడా ఇక్కడే జవాబుంది. నాందేడ్ పట్నం నుంచి రోజూ వచ్చిపోయే టీచరుకు పిల్ల రాలేదని తెలుస్తుంది. ఎందుకు రాలేదో తెలిసేది ఆ పిల్ల వీధిలో ఉండే అమ్మకే. పేరు చదివి వినిపిస్తే చాలు, కారణం ఆమె చెబుతుంది.

ఇప్పుడు చెరకు సంగతి. మరాఠ్వాడా నుంచి ఏటా లక్షల మంది చెరకు నరకడానికి పడమటి మహారాష్ట్రకు, కర్ణాటకకు పోతారు. బీడ్ జిల్లా పేరే ఎక్కువ వినిపిస్తుంది గానీ నాందేడ్ జిల్లాలోని ముఖేడ్, కంధార్, లోహా, కిన్వట్ వైపు నుంచీ బళ్లు కదులుతాయి. ముకాదం అనే మేస్త్రీ వానాకాలంలోనే ఇళ్లకు వచ్చి ఉచల్ అనే అడ్వాన్సు ఇస్తాడు. భార్యాభర్తల జంటను కలిపి ఒక కోయతాగా, అంటే ఒక కత్తిగా లెక్క కడతారు. దసరా, దీపావళి దాటగానే ప్రయాణం, ఫ్యాక్టరీలు గానుగ ఆపే మార్చి, ఏప్రిల్ దాకా అక్కడే పాకల్లో బతుకు. దీన్ని బడి క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే గుండె కలుక్కుమంటుంది. జూన్ మధ్యలో బడి తెరుస్తారు, దీపావళి సెలవులతో మొదటి టర్మ్ ముగుస్తుంది. రెండో టర్మ్ మొదలయ్యేటప్పటికి వలస కుటుంబాలు చాలావరకు బండెక్కి ఉంటాయి. అంటే రెండో టర్మ్ దాదాపు మొత్తం గానుగ రోజుల్లోనే పడుతోంది. పదో తరగతి బోర్డు పరీక్షా అందులోనే. ఒక పంట క్యాలెండర్, ఒక బడి క్యాలెండర్ ఇంత పూర్తిగా ఢీకొంటుంటే పిల్ల హాజరు తక్కువని రాసుకోవడం న్యాయం అనిపించదు నాకు.

ఈ ఢీకి మహారాష్ట్ర ఒక మంచి జవాబే కనిపెట్టింది. దాని పేరు హంగామీ వసతిగృహం, అంటే సీజన్‌కు మాత్రం నడిచే హాస్టల్. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉంటారు. చాలాచోట్ల రాత్రి నాయనమ్మ దగ్గరో, పిన్ని దగ్గరో పడుకుంటారు, తిండి బడిలో పెడతారు. దీన్ని నడిపే బాధ్యత శాలా వ్యవస్థాపన సమితిదే. సమితి చేతికి గోడలు, బిల్లులు కాకుండా పిల్లల బతుకు చిక్కిన సందర్భం ఇది. ఇందులో గెలుపోటములు తేలేది తేదీ దగ్గర. ముకాదం ఉచల్ ఇచ్చేది వానాకాలంలో, సమితి పేర్ల జాబితా తయారు చేసేది దీపావళి తర్వాతైతే ఆ జాబితాలో ఉండాల్సిన పిల్లలు అప్పటికే కొల్హాపూర్ వైపు పొలాల్లో ఉంటారు. ఎవరింట్లో అడ్వాన్సు పుచ్చుకున్నారో ఊరందరికీ తెలుసు, కమిటీలో కూర్చున్న తల్లికి మరీ తెలుసు. ఆగస్టు సమావేశంలోనే ఆ పేర్లు రాసుకుని, ఎవరు ఎవరి దగ్గర ఉంటారో పెద్దవాళ్లతో మాట్లాడుకుని, అక్టోబరు మొదటి వారానికి పొయ్యి వెలిగించగలిగితే పిల్ల ఆగుతుంది. రెండు నెలలు ఆలస్యమైన సమావేశం జరగనట్టే లెక్క. బడి కమిటీ వేసుకోవాల్సిన మొదటి టైంటేబుల్ తన సమావేశాలదే.

పంటలకు, వలసలకు తగ్గట్టు బడి వేళలు మార్చుకుంటూ పోతే పిల్లల కూలికి మనమే ముద్ర వేసినట్టు కాదా అన్నది నేను గౌరవించే అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తోసెయ్యను. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు బడి వేళల తర్వాత, సెలవుల్లో ఇంటికి, ఇంటి వృత్తికి సాయపడొచ్చని వదిలిన సందు ఎంత వెడల్పుగా తెరుచుకుందో పత్తి చేలు చూస్తే తెలుస్తుంది. పత్తి తీసే రోజుల్లో సెలవులిచ్చేద్దాం అనే కమిటీ పిల్లలకు మేలు చేస్తున్నట్టు కాదు, రైతుకు చవక కూలీలను పంపుతున్నట్టు. నేను అడుగుతున్న మార్పు అది కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పని దినాలు, 1000 బోధనా గంటలు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. అందులో ఒక్క గంట కూడా తగ్గకూడదు. ఆ గంటలు ఎప్పుడు పడాలన్నదే ప్రశ్న. పెద్దవాళ్ల పని వేళ పిల్లల్ని లాక్కుపోకుండా బడిని అడ్డం పెట్టడం ఒకటి, పని కోసం బడిని పక్కకు జరపడం ఇంకొకటి. ఏ మార్పు వల్ల బడిలో కూర్చునే పిల్లల సంఖ్య పెరుగుతుందో అదే సరైన మార్పు. ఆ లెక్క చెప్పేదీ హాజరు పట్టీయే.

ఎనిమిది దాటాక కథ మారిపోతుంది. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దగ్గర ఆగుతుంది. 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల్లో దేశం మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో బడి మానేసే వాళ్లు 3.5 శాతమైతే, సెకండరీలో 8.2 శాతం. చట్టం చెయ్యి వదిలిన మెట్టు మీదే పిల్ల జారుతోంది. మహారాష్ట్రలో హైస్కూళ్లు ఎక్కువగా ప్రైవేటు సంస్థల చేతుల్లో ఉన్న ఎయిడెడ్ బడులు. వాటికి 1981 నాటి ప్రైవేటు పాఠశాలల ఉద్యోగుల నియమాల కింద శాలా సమితి ఉంటుంది. అందులో ఎక్కువ మంది యాజమాన్యం మనుషులు, టీచర్ల తరఫున ఒకరు, కార్యదర్శిగా హెడ్‌మాస్టరు. నియామకాలు, ఉద్యోగుల వ్యవహారాల కోసం పుట్టిన సమితి అది. తల్లిదండ్రులకు అందులో కుర్చీ లేదు. వాళ్ల కోసం వేరే తల్లిదండ్రుల-టీచర్ల సంఘం ఉంటుంది గానీ దాని మాట సలహా దగ్గర ఆగిపోతుంది. ఎనిమిదో తరగతి దాకా మూడొంతుల కుర్చీలు తల్లిదండ్రులవి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అదే తల్లి గేటు బయట నిలబడుతుంది. ఇటు చూస్తే బోర్డు నియమం రెగ్యులర్ విద్యార్థికి 75 శాతం హాజరు ఉండాలంటుంది. నెలల తరబడి చెరకు తోటల్లో ఉన్న పిల్లకు అది అందదు. ఇక మిగిలేది 17 నంబరు ఫారం నింపి ప్రైవేటుగా పరీక్ష రాయడం. అలా రాసి పాసైన వాళ్లు ఉన్నారు, వాళ్ల పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ పిల్ల బడి నుంచి ఫారంలోకి మారిన రోజున ఆమె గైర్హాజరు ఏ పట్టీలోనూ కనిపించదు. బడి లెక్క శుభ్రంగా ఉంటుంది.

తొమ్మిదో తరగతి హాజరు ఎంత విలువైన సమాచారమో ప్రపంచానికి గట్టిగా చెప్పిన ఊరు షికాగో. 1988లో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చేసి అక్కడి ప్రతి బడికీ ఎన్నికైన స్థానిక కౌన్సిల్ ఇచ్చింది. అప్పట్లో అందులో ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు స్థానికులు, ఇద్దరు టీచర్లు, ప్రిన్సిపల్ ఉండేవారు. హైస్కూల్లో ఒక విద్యార్థి కూడా. ప్రిన్సిపల్‌ను ఎంచుకోవడం, బడ్జెట్‌ను, అభివృద్ధి ప్రణాళికను ఆమోదించడం దాకా దానికి అధికారం. తర్వాతి ఏళ్లలో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ బడుల లెక్కలు తవ్వి, 2007లో ఒక సంగతి బయటపెట్టారు. తొమ్మిదో తరగతిలో పిల్ల సబ్జెక్టులు తప్పుతుందా లేదా అన్నది ఎనిమిదో తరగతి పరీక్ష మార్కుల కంటే తొమ్మిదో తరగతి హాజరు ఎనిమిది రెట్లు గట్టిగా చెబుతుందని. పరిశోధన కౌన్సిళ్లది కాదు, ఆ ఘనత వాటికి కట్టబెట్టను. కానీ దాని ఫలితంగా అక్కడి హైస్కూళ్లలో రాని పిల్లల పేర్లు నెలల తర్వాత కాకుండా వెంటనే టీచర్ల బల్ల మీదికి రావడం మొదలైంది, ఒక్కో పేరుకు ఒక్కో పెద్దమనిషి పూచీ పడటం మొదలైంది. తెలివితేటల గురించి బెంగపడే బదులు హాజరు గురించి బెంగపడండి అని దాని సారం. మన దగ్గర తొమ్మిదిలో పిల్ల తప్పితే లెక్కలు రావు, ఇంగ్లీషు రాదు అంటాం. ఆ లెక్కలు చెప్పిన రోజున ఆ పిల్ల ఎక్కడుందో అడగం.

మార్గదర్శనం అంటే మన అధికారుల ఊహలో ఏడాదికోసారి వచ్చే కెరీర్ గైడెన్స్ ఉపన్యాసం. నాందేడ్ పల్లె పిల్లకు కావాల్సింది అంతకంటే చిన్నదీ, అంతకంటే గట్టిదీ. మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఇంటికొచ్చి అడిగే మనిషి. ఆ మనిషి టీచరే కానక్కర్లేదు. మన తెలుగు నేల మీదే దీనికి నిలువెత్తు సాక్ష్యం ఉంది. 1991లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు, బడికి రాని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్న మాట పట్టుకుని, ఊరి యువకులనే ఇల్లిల్లూ తిప్పింది. పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, తర్వాత ఆమె జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలు కూడా అయ్యారు. అక్కడ పనిచేసింది పెద్ద డిగ్రీలు కాదు, ఆ ఊరి యాసలో మాట్లాడే నోళ్లు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు హైస్కూళ్లలో కమిటీ చేయాల్సింది కూడా ఇదే. పది పాసై కాలేజీకి పోతున్న ఊరి తెలుగు పిల్లలను, వాళ్లలో ఆడపిల్లలను మరీ ముందుగా, తొమ్మిదో తరగతి పేర్లకు పంచి ఇవ్వాలి. మరాఠీ పాఠాన్ని తెలుగులో విడమరిచి చెప్పగలిగేది వాళ్లే. ఇంటి గుమ్మంలో అవ్వతో తెలుగులో మాట్లాడి పిల్లను బయటికి పిలవగలిగేదీ వాళ్లే.

ఆడపిల్లల విషయంలో ఇది చదువు దాటి పోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మహారాష్ట్రలో 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో దాదాపు 22 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. వలసకు ముందే కూతురికి పెళ్లి చేసి పంపితే బరువు తగ్గుతుందని, జంట అయితే ముకాదం ఇంకో కోయతాకు అడ్వాన్సు ఇస్తాడని లెక్కలు వేసే ఇళ్లున్నాయి. పెళ్లి పందిరి పడకముందు హాజరు పట్టీలో గైర్హాజరు పడుతుంది. 2022లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రతి బడికీ సఖీ సావిత్రీ సమితి ఉండాలని ఆదేశించింది, బాల్యవివాహాలను ఆపడం దాని పనుల్లో ఒకటి. పల్లెలో బాల్యవివాహ నిషేధ అధికారి బాధ్యత గ్రామసేవకుడిది. సమితీ ఉంది, అధికారీ ఉన్నాడు. ఆ ఇద్దరికీ కబురు చేరాల్సిన దారి మాత్రం తొమ్మిదో తరగతి పట్టీలో ఒక పేరు పక్కన అడ్డంగా సాగుతున్న గుర్తుల మీదుగా పోతుంది. వారానికొకసారి ఆ పేజీ చూసే మనిషి లేకపోతే రెండూ కాగితం మీద మిగిలిపోతాయి.

ఇక బస్సు. హైస్కూలు అంటే చాలా పల్లెలకు పొరుగు ఊరు, పొరుగు ఊరంటే ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ఆర్టీసీ బస్సు. 2021 అక్టోబరు చివర్లో మొదలై 2022 ఏప్రిల్ దాకా సాగిన ఎస్టీ ఉద్యోగుల సమ్మెలో పల్లె విద్యార్థులు పడ్డ పాట్లు రాష్ట్రమంతా చూసింది. ఆడపిల్లల కోసం మానవ్ వికాస్ మిషన్ నీలం బస్సులు నడుస్తున్నాయి, పాసులు ఉచితం. మంచి పథకాలే. కానీ బస్సు పదకొండింటికి దింపుతుంటే, మొదటి పీరియడ్ పదిన్నరకు మొదలై అది ఏడాది పొడుగునా లెక్కలే అయితే, ఆ ఊరి పిల్లలకు లెక్కలు శాశ్వతంగా పోయినట్టే. డిపో మేనేజరుకు బడి కమిటీ తీర్మానం పంపి బస్సు వేళ ముందుకు జరపమని అడగొచ్చు. అది కుదరకపోతే లెక్కలు మూడో పీరియడ్‌కు జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. టీచర్లకు ఇది ఇబ్బందే. పట్నం నుంచి వచ్చిపోయే వాళ్లకు వాళ్ల రైళ్లు, బస్సులు, ఇళ్లలో పిల్లలు ఉంటారు. టీచర్ల మాట వినకుండా తల్లిదండ్రులు మాత్రమే గంట నిర్ణయిస్తే అది కొత్త పెత్తనం అవుతుంది. అయితే ఇప్పటిదాకా జరుగుతున్నది ఇందుకు తలకిందులు, తల్లిదండ్రులను అడక్కుండా పైనుంచే గంట నిర్ణయమవుతోంది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్రం నాలుగో తరగతి దాకా బడులు ఉదయం తొమ్మిదికి ముందు మొదలుపెట్టరాదని ఆదేశించింది. చిన్నపిల్లల నిద్ర గురించి ఆలోచించిన మంచి ఉత్తర్వే. కానీ ముంబైకీ మాహూర్ కొండలకూ ఒకే గంట అనుకునే అలవాటు దాని వెనకా ఉంది. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ విద్యా క్యాలెండర్ నిర్ణయించే పనిని స్థానిక సంస్థ మీదే పెట్టింది. నాందేడ్ జిల్లా పరిషత్‌కు సమితుల నుంచి తీర్మానాలు వస్తే ఆ అధికారం వాడుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇదంతా వినడానికి బాగుంది గానీ కమిటీలు ఎక్కడ పనిచేశాయి అని అడిగే వాళ్ల చేతిలో బలమైన రుజువే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, రుక్మిణీ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. గ్రామ విద్యా కమిటీ ఉందన్న సంగతే తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు, సభ్యుల్లో కొందరికి తాము సభ్యులమనీ తెలియదు. సభలు పెట్టి హక్కులన్నీ వివరించినా కమిటీలు కదల్లేదు, టీచర్ల తీరు మారలేదు, పిల్లల చదువూ మారలేదు. ఇక్కడితో చదవడం ఆపేసేవాళ్లు కమిటీలు దండగ అంటారు. అదే అధ్యయనంలో మూడో ఏర్పాటు ఒకటుంది. ఊరి యువకులకు చదవడం నేర్పే పద్ధతిలో శిక్షణ ఇచ్చి శిబిరాలు పెట్టమన్నారు. వాళ్లు పెట్టారు. అక్షరాలు రాని పిల్లల్లో శిబిరానికి వెళ్లిన వాళ్లకు అక్షరాలు వచ్చాయి. టీచరు మీద, అధికారి మీద ఫిర్యాదు చెయ్యమంటే ఊరు వెనక్కి తగ్గింది, ఎదురుగా ఉన్న పిల్లకు చదువు చెప్పమంటే ముందుకొచ్చింది. మన కమిటీలకు మనం ఇచ్చింది ఈ రెండో రకం పని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే బడుల నిర్వహణలో ప్రజల పాత్ర కోసం చట్టం చేసి విద్యా కమిటీలు పెట్టింది. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బడుల మరమ్మతుల కోసం పెట్టిన నాడు-నేడులో పేరెంట్స్ కమిటీలు, 2024లో తెలంగాణలో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. రెండు చోట్లా కమిటీ చేతికి ముందుగా వచ్చింది సిమెంటు, రంగు, మరమ్మతులే. ఆ పనులు చాలాచోట్ల నిజాయితీగా చేశారు కూడా. తాపీ పని చూసుకోగలిగిన అమ్మలు తొమ్మిదో తరగతిలో రాని నలుగురు పిల్లల సంగతి చూసుకోలేరని ఎలా అనుకున్నాం? అందుకే కమిటీలు విఫలమయ్యాయని నేను ఒప్పుకోను. వాటికి పిల్లలను ఇంకా అప్పగించలేదంటాను.

ఇంకొందరు యంత్రాన్ని నమ్ముతారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ముఖం గుర్తుపట్టే యాప్‌లతో హాజరు తీసుకుంటున్నారు. దొంగ హాజరును పట్టుకోవడానికి యంత్రం పనికొస్తుంది. ఉదయ్‌పూర్ జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ బడుల్లో కెమెరాతో టీచర్ల హాజరు రికార్డు చేసి, దానికి తగ్గట్టు జీతం ఇస్తే గైర్హాజరు 42 శాతం నుంచి 21 శాతానికి పడిపోయింది. అదే జిల్లాలో నర్సుల హాజరుకు పెట్టిన యంత్రాల పథకం మాత్రం మొదట్లో పనిచేసి, ఏడాదిన్నర లోపే నీరుగారింది. ఆరోగ్య శాఖ మినహాయింపు రోజులు ఇచ్చుకుంటూ పోయింది. లెక్క వెనక పట్టించుకునే మనిషి ఉన్నంత కాలమే లెక్కకు విలువ. చిన్నపిల్ల రాలేదని యాప్ క్షణంలో చెబుతుంది. చెల్లి పుట్టిందని రాలేదో, చెప్పులు తెగి రాలేదో చెప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లుల ఖాతాలో డబ్బు వేసిన అమ్మఒడి పథకానికి పెట్టిన 75 శాతం హాజరు లాంటి షరతులూ ఈ కోవకే చెందుతాయి. రాగలిగీ రాని ఇంటిని అవి కదిలిస్తాయి. రాలేని ఇంటికి వచ్చే డబ్బు కూడా పోతుంది.

కాబట్టి నాందేడ్‌లోనైనా, నిజామాబాద్‌లోనైనా, మీ పిల్లల బడి కమిటీలో మీకు కుర్చీ ఉంటే ఈసారి సమావేశంలో బిల్లుల కంటే ముందు తొమ్మిదో తరగతి హాజరు పట్టీ బల్ల మీద పెట్టమని అడగండి. మీ బడిలో ఎనిమిది వరకే ఉంటే ఎనిమిదో తరగతిది అడగండి. కుర్చీ లేని ఎయిడెడ్ హైస్కూలు అయితే తల్లిదండ్రుల-టీచర్ల సంఘం ద్వారా రాతపూర్వకంగా అడగండి. పిల్ల హాజరు గురించి తల్లిదండ్రులకు చెప్పడం బడి మీకు చేసే మేలు కాదు, ఎనిమిదో తరగతి దాకానైనా అది టీచర్ల బాధ్యతగా చట్టంలో రాసిన పని. తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులకు కూడా పాలక మండలిలో ఓటు ఉండేలా నియమాలు మార్చాల్సింది ముంబైలో కూర్చున్న ప్రభుత్వం. ఆ ఉత్తరువు వచ్చే దాకా ఆగనక్కర్లేదు. వలస వెళ్లే ఇళ్ల పేర్లు రాసుకునే సమావేశం మాత్రం దసరాకు ముందే పెట్టుకోండి.